కాలేయము మరల పెరుగుటలో నాడుల పాత్ర

గోడమీది బల్లిని అదిలించినప్పుడు అది తోకను వదలి పారిపోవడము మనమందరము చూచినదే. తెగిన తోక నేలమీద కొంతసేపు గిలగిల కొట్టుకొంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ బల్లికి క్రొత్త తోక మొలుస్తుంది. పోయిన భాగమును శరీరము ఈ విధంగా తిరిగి నిర్మించుకొనడాన్ని జీవశాస్త్రంలో పునరుత్పత్తి అంటారు. సంతానమును కనే ప్రత్యుత్పత్తి వేరు, ఇది వేరు. విద్యార్థులు ఈ రెండు మాటలను ఒకదానితో ఒకటి కలిపివేయకూడదు.

మనిషికి ఈ శక్తి చాలా తక్కువ. తెగిన వ్రేలు మరల మొలవదు. పాలపన్ను ఊడితే మరొకటి వస్తుంది గాని, ఆ తరువాత వచ్చిన పన్ను ఊడితే ఇక రాదు. అయితే మన ఉదరంలో ఒక అవయవము మాత్రము ఈ నియమానికి లొంగలేదు. దానిలో సగానికి పైగా కోసివేసినా మిగిలిన భాగము కొద్ది కాలంలోనే పెరిగి పూర్వపు బరువును అందుకొంటుంది. అదే కాలేయము. మాంసపు దుకాణంలో కార్జమని, కొన్ని చోట్ల కలీజా అని మనవారు పిలిచేది దీనినే.

ఇంత పెద్ద పని జరగాలంటే ఎవరో ఒకరు వార్త చెప్పాలి గదా! కాలేయములో కొంత భాగము పోయినదని మిగిలిన కణాలకు ఎట్లా తెలుస్తున్నది? పెరగండని వాటికి ఆజ్ఞ ఇచ్చేదెవరు? చాలినంత పెరిగిన తరువాత ఇక ఆగండని చెప్పేదెవరు? శరీరమంతటినీ ఏలే మెదడు, దాని ఆజ్ఞలను మోసే నాడులు ఈ పనిలో ఏ పాత్ర వహిస్తున్నవి? ఈ ప్రశ్నలు ప్రయోగశాలలోని ఎలుకలకు మాత్రమే సంబంధించినవి కావు. తన కాలేయములో సగానికి పైగా కోసి బిడ్డకు ఇచ్చే తండ్రి ప్రాణము, ఆ ముక్కను పొందే బిడ్డ ప్రాణము కూడా వీటి సమాధానముతో ముడిపడి ఉన్నవి.

నాడి లేనిదే మొలవని కాలు

మొదట కాలేయమును ప్రక్కన పెట్టి మరొక జంతువును చూద్దాము. న్యూట్ అనేది బల్లివలె కనిపించే ఒక ఉభయచరము. దాని కాలు తెగితే ఎముక, కండ, చర్మము, వ్రేళ్లతో సహా క్రొత్త కాలు వస్తుంది. 1823లో టాడ్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ జాతి జంతువులలో ఒక విచిత్రమును గమనించాడు. కాలితోపాటు దానికి పోయే ముఖ్యమైన నాడిని కూడా కోసివేస్తే గాయము మానుతున్నది గాని కాలు మొలవడము లేదు.

ఇరవయ్యవ శతాబ్దపు నడిమి కాలంలో మార్కస్ సింగర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ విషయమును మరింత లోతుగా పరిశీలించాడు. కండలను కదిలించే నాడియా, స్పర్శను తెలిపే నాడియా అన్నది ముఖ్యము కాదనీ, తెగిన చోట మొత్తము మీద చాలినన్ని నాడీతంతువులు ఉండడమే ముఖ్యమనీ ఆయన చూపించాడు. అంటే అక్కడ నాడి కేవలము వార్తాహరుడు కాదు. పెరుగుదలకు కావలసిన పదార్థాలను సరఫరా చేసే పోషకుడు కూడా.

ఈ సంగతి తెలిసిన తరువాత సహజంగా ఒక అనుమానము కలుగుతుంది: కాలేయము విషయంలో కూడా ఇంతేనా? నాడులు కోసివేస్తే కాలేయము పెరగడము ఆగిపోతుందా?

కాలేయము ఎటువంటిది?

కాలేయము ఉదరంలో కుడివైపున, ఊపిరితిత్తుల క్రింద ఉండే విభాజక పటలమును ఆనుకొని ఉన్నది. పెద్దవారిలో దీని బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరము లోపలి అవయవాలలో ఇదే పెద్దది. నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తము దీనిగుండా ప్రవహిస్తుంది. ఈ రక్తము రెండు దారులలో వస్తుంది. సుమారు నాలుగవ వంతు కాలేయ ధమని ద్వారా గుండె నుంచి వస్తుంది. మిగిలిన మూడు వంతులు నిర్వాహక సిర ద్వారా ప్రేగులు, జీర్ణాశయము, ప్లీహముల మీదుగా వస్తుంది. మనము తిన్న ఆహారములోని చక్కెరలు, ఆమ్లాలు, వాటితోపాటు విషపదార్థాలు కూడా మొదట చేరేది కాలేయానికే. అందువల్ల ఇది ఎప్పుడూ దెబ్బ తినడానికి వీలున్న అవయవము. దీనికి తిరిగి పెరిగే శక్తి ఎందుకు అవసరమో ఇప్పుడు ఊహించవచ్చును.

ధమని, నిర్వాహక సిర, పైత్యరసము పోయే గొట్టము - ఈ మూడును కాలేయపు అడుగుభాగంలో ఒకే ద్వారము దగ్గర కలిసి, ఒకే తొడుగులో ఇమిడి లోపల కొమ్మలుగా చీలుతవి. 1654లో కాలేయము మీద గ్రంథము వ్రాసిన ఆంగ్ల వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిస్సన్ పేరుతో ఈ తొడుగును గ్లిస్సన్ తొడుగు అంటారు. నాడులు కూడా ఈ గొట్టాలను పెనవేసుకొనే లోపలికి పోతవి.

1931 నాటి ప్రయోగము

కాలేయము మరల పెరిగే తీరును కొలిచి చూపిన ప్రసిద్ధ ప్రయోగము 1931లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగినది. హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు తెల్ల ఎలుకలను తీసికొన్నారు. ఎలుక కాలేయము కొన్ని తమ్మెలుగా విడివిడిగా ఉంటుంది. ఎడమ తమ్మెను, మధ్య తమ్మెను మొదట దారముతో కట్టి కోసివేస్తే కాలేయములో సుమారు మూడింట రెండు వంతులు పోతుంది. మిగిలిన తమ్మెలకు గాయమేమీ తగలదు. అటువంటి ఎలుకలలో వారము పది దినాలలో కాలేయము ఇంచుమించు పూర్వపు బరువుకు వచ్చినది. నేటికీ ప్రపంచములోని పరిశోధకులు ఈ పద్ధతినే వాడుతున్నారు.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. బల్లికి పోయిన చోటనే తోక మొలుస్తుంది. కాలేయములో పోయిన తమ్మెలు మొలవవు; మిగిలిన తమ్మెలే ఉబ్బి, పోయిన వాటి బరువును భర్తీ చేస్తవి. ఆకారము మారుతుంది గాని పని జరిగిపోతుంది. అందుచేత దీనిని పరిహార వృద్ధి అనడము ఎక్కువ సరియైనది.

ఒక చిన్న లెక్క చేద్దాము. ఎలుక కాలేయము 9 గ్రాములు అనుకొందాము. 6 గ్రాములు తీసివేస్తే 3 గ్రాములు మిగులుతుంది. మిగిలిన ప్రతి కణమూ ఒకసారి రెండుగా చీలితే 6 గ్రాములు అవుతుంది. రెండవసారి కూడా అన్నీ చీలితే 12 గ్రాములై హద్దు దాటుతుంది. అంటే కణాలు ఒకసారో, రెండుసార్లో చీలితే చాలును. కణాలు కొంత లావెక్కడము కూడా ఈ పనికి తోడ్పడుతుంది.

కణము చీలే ముందు తన కేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను రెట్టింపు చేసికోవాలి. ఎలుకలో కోత జరిగిన తరువాత మొదటి పన్నెండు గంటలు పైకి ఏమీ జరగనట్లే ఉంటుంది. తరువాత డి.ఎన్.ఏ. తయారీ మొదలై సుమారు 24 గంటలకు శిఖరమును అందుకొంటుంది. కణవిభజన మరి కొన్ని గంటల తరువాత కనిపిస్తుంది. రక్తము లోపలికి వచ్చే చోట ఉన్న కణాలు ముందు మేల్కొంటవి. అక్కడ నుంచి ఒక అల వలె ఈ పని లోపలికి వ్యాపిస్తుంది. డి.ఎన్.ఏ. తయారీకి అవసరమైన విటమినులలో ఫోలిక్ ఆమ్లము ఒకటి. దీనిని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే సంస్థ పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

వార్త మోసేది రక్తమా, నాడియా?

శరీరములో ఒక చోటి వార్త మరొక చోటికి పోవడానికి రెండు దారులున్నవి. మొదటిది రక్తము. రక్తములో కలిసిన పదార్థము అన్ని అవయవాలకూ చేరుతుంది. ఇది ఊరంతటా టముకు వేయించడము వంటిది. రెండవది నాడి. ఇది ఒక ఇంటికి మాత్రమే పోయే టెలిఫోను తీగె వంటిది. కాలేయము ఏ దారిని వాడుకొంటున్నదో తేల్చాలంటే ఒక దారిని మూసి రెండవది తెరచి ఉంచాలి.

1951లో అమెరికాలో నాన్సీ బ్యూకర్, ఆమె సహచరులు రెండేసి ఎలుకల శరీరాలను ప్రక్కప్రక్కన కుట్టి కలిపారు. గాయము మానే సరికి సన్నని రక్తనాళాలు ఒకదాని నుంచి మరొకదానికి పెరిగి, రెండింటి రక్తము కలిసిపోతుంది. నాడులు మాత్రము కలియవు. అప్పుడు ఒక ఎలుక కాలేయములో కొంత భాగమును కోసివేశారు. రెండవ ఎలుక కాలేయానికి ఎవరూ కత్తి తగిలించలేదు. అయినా దానిలో కూడా కణవిభజన హెచ్చినది!

1964లో మరికొందరు ఎలుక కాలేయపు చిన్న ముక్కను అదే ఎలుక శరీరములో వేరొక చోట నాటారు. ఆ ముక్కకు పాత నాడుల సంబంధము తెగిపోయినది. తరువాత అసలు కాలేయమును కోస్తే, దూరాన ఉన్న ఈ ముక్కలో కూడా డి.ఎన్.ఏ. తయారీ మొదలయినది.

కాబట్టి ముఖ్యమైన వార్త రక్తము ద్వారా పోతున్నదని రుజువయినది. తరువాతి కాలంలో ఆ వార్తాహరులను కూడా పట్టుకొన్నారు. 1984లో జపానుకు చెందిన నకమురా, ఆయన సహచరులు కాలేయకణాలను పెంచే ఒక ప్రోటీనును గుర్తించారు. దీనిని కాలేయకణ వృద్ధి కారకము అంటారు. కోత జరిగిన కొద్ది గంటలలోనే రక్తములో ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంతేగాక, మూడింట రెండు వంతులు పోయిన తరువాత నిర్వాహక సిరలోని రక్తమంతా మిగిలిన మూడవ వంతులోనుంచే పోవాలి. ప్రతి గ్రాము కాలేయానికి సుమారు మూడు రెట్ల రక్తము వచ్చిపడుతుంది. ఈ ఒరవడియే ఒక హెచ్చరికగా పనిచేస్తుంది.

ఇంతటితో నాడుల కథ ముగిసినదని చాలామంది అనుకొన్నారు. కాని అది తొందరపాటు. టముకు వేసిన మాత్రాన టెలిఫోను పనికిరానిదని అర్థము కాదు గదా!

కాలేయానికి వచ్చే నాడులు

మన ఇష్టముతో పనిలేకుండా గుండెను, ప్రేగులను, గ్రంథులను నడిపే నాడులను స్వయంచోదిత నాడీమండలము అంటారు. దీనిలో రెండు శాఖలున్నవి. సహానుభూత నాడులు వెన్నుపాము నుంచి బయలుదేరి, ఉదరములోని పెద్ద నాడీగ్రంథి దగ్గర మజిలీ చేసి కాలేయానికి పోతవి. అపాయము కలిగినప్పుడు, పరుగెత్తవలసి వచ్చినప్పుడు ఇవి చురుకుగా పనిచేస్తవి. రెండవ శాఖ పరసహానుభూత నాడులు. వీటిలో కాలేయానికి సంబంధించినది వేగస్ నాడి. లాటిను భాషలో ఆ మాటకు సంచారి అని అర్థము. తలలో పుట్టి మెడ, రొమ్ము దాటి ఉదరము దాకా తిరుగుతుంది గనుక ఆ పేరు తగినదే.

నాడి కొన వద్ద వార్త రసాయన పదార్థముగా మారుతుంది. వేగస్ నాడి ఒక పదార్థమును విడుదల చేసి గుండె వేగమును తగ్గిస్తున్నదని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో చూపించాడు. ఆ పదార్థమే అసిటైల్ కోలిన్. సహానుభూత నాడుల కొనలు విడుదల చేసేది నార్ అడ్రినలిన్ అని 1946లో స్వీడన్ దేశపు వాన్ ఆయిలర్ తెలిపాడు.

మెదడుకు, కాలేయానికి సంబంధమున్నదన్న సంగతి ఇంకా పాతది. 1849లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెదడు క్రింది భాగంలో ఒక నిర్ణీత స్థలమును సూదితో పొడిచాడు. కొద్దిసేపటిలో ఆ కుందేలు మూత్రములో చక్కెర కనిపించినది. మెదడు నుంచి పోయిన వార్త వల్ల కాలేయము తనలోని చక్కెర నిలువను రక్తములోకి వదలినదన్నమాట. చక్కెర విషయములో మెదడు మాట వినే కాలేయము పెరుగుదల విషయములో పూర్తిగా చెవిటిదై ఉంటుందా?

వేగస్ నాడిని కోస్తే

1983లో జపానులో కాటో, షిమజు అనే పరిశోధకులు ఈ ప్రశ్నను సూటిగా అడిగారు. కొన్ని ఎలుకలలో కాలేయానికి పోయే వేగస్ శాఖను ముందుగా కోసి, తరువాత కాలేయములో మూడింట రెండు వంతులు తీసివేశారు. డి.ఎన్.ఏ. తయారీ ఆగలేదు, కాని ఆలస్యమయినది. 1990వ దశకములో జపాను పరిశోధకులే దీనికి విలోమమైన ప్రయోగమును చేశారు. ఎలుక మెదడులోని హైపోథాలమస్ అనే భాగములో ఒక స్థలమును పాడుచేస్తే వేగస్ నాడి అతి చురుకుగా పనిచేస్తుంది. అప్పుడు కాలేయమును కోయకపోయినా దానిలో డి.ఎన్.ఏ. తయారీ హెచ్చినది. వేగస్ శాఖను కోసివేస్తే ఆ హెచ్చు కనిపించలేదు.

అయితే ఈ నాడి మాట కాలేయకణానికి ఎట్లా చేరుతున్నది? ఎలుకల కాలేయములో నాడీతంతువులు చాలావరకు రక్తనాళాల చుట్టునే ఆగిపోతవి. కణాల మధ్యకు అంతగా పోవు. ఈ చిక్కును విప్పిన పరిశోధన 2018లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయము నుంచి వెలువడినది. దాని సారము ఇది.

కాలేయములో భక్షక కణాలు అనేకమున్నవి. రక్తములో వచ్చే సూక్ష్మజీవులను, చెత్తను మ్రింగడము వాటి పని. కోత జరిగిన తరువాత వేగస్ నాడి కొనలు విడుదల చేసే అసిటైల్ కోలిన్ ప్రభావముతో ఈ భక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేస్తవి. ఈ ప్రోటీను ప్రక్కనున్న కాలేయకణాలలో ఫాక్స్ ఎం-1 అనే మరొక ప్రోటీనును హెచ్చిస్తుంది. కణవిభజనకు కావలసిన జన్యువులను మేల్కొలిపేది ఇదే. అంటే నాడి తిన్నగా కాలేయకణముతో మాటాడడము లేదు; మధ్యవర్తి చెవిలో చెప్పి పంపుతున్నది.

ఇది నిజమా కాదా అని వారు గొలుసులోని ఒక్కొక్క లంకెను తెంచి చూచారు. వేగస్ శాఖను కోస్తే ఇంటర్‌ల్యూకిన్-6 హెచ్చలేదు. అసిటైల్ కోలిన్ గ్రాహకాలను మందుతో మూసినా హెచ్చలేదు. భక్షక కణాలను తొలగించినా అంతే. ఈ చిట్టెలుకలలో కాలేయము పెరుగుదల మందగించడమే గాక, నాడి కోసినవాటిలో, భక్షక కణాలు తొలగించినవాటిలో మరణాలు కూడా హెచ్చినవి. చివరకు, నాడి తెగిన చిట్టెలుకల కాలేయానికి ఫాక్స్ ఎం-1 ను వేరే మార్గము ద్వారా సమకూర్చగా పెరుగుదల కోలుకొన్నది, మరణాలు తగ్గినవి. ఒక కారణమును రుజువు చేయాలంటే దానిని తీసివేసి చూడడము సగము పని. దాని లోటును భర్తీ చేసి చూడడము మిగిలిన సగము. ఈ ప్రయోగములో రెండును ఉన్నవి.

సహానుభూత నాడుల సహాయము

నార్ అడ్రినలిన్ కూడా ఊరక ఉండదు. కోత జరిగిన తరువాత రక్తములో దాని పరిమాణము పెరుగుతుంది. 1980వ దశకములో అమెరికాలో జార్జి మైకలోపౌలస్, ఆయన సహచరులు కాలేయకణాలను గాజుపాత్రలో పెంచి ఈ పదార్థమును పరీక్షించారు. నార్ అడ్రినలిన్ ఒక్కటే ఉంటే కణాలు అంతగా చీలవు. కాని వృద్ధి కారకముతో కలిపి ఇస్తే ఆ కారకపు శక్తి పెరుగుతుంది. కణాలను ఆపివేసే మరొక ప్రోటీను ప్రభావమును కూడా ఇది తగ్గిస్తుంది. బండిని లాగే ఎద్దు వేరు. చక్రానికి అడ్డుగా పెట్టిన రాయిని తీసివేసేవాడు వేరు. నార్ అడ్రినలిన్ ఈ రెండవ వాని వంటిది. నార్ అడ్రినలిన్ కూర్చునే గ్రాహకాన్ని ప్రాజోసిన్ అనే మందుతో మూసివేస్తే, కోత జరిగిన ఎలుకలలో కూడా డి.ఎన్.ఏ. తయారీ వెనుకబడినట్లు 1987లో వారు ప్రకటించారు.

నాడుల వాడుకలోని రసాయనాలు నాడుల నుంచే రావాలన్న నియమము కూడా లేదు. సెరటోనిన్ అనే పదార్థము మెదడులో వార్తాహరునిగా మనకు పరిచితమైనది. రక్తములో దానిని మోసేవి రక్తఫలకికలు. ఈ ఫలకికలు తెచ్చే సెరటోనిన్ చిట్టెలుకల కాలేయము మరల పెరగడానికి తోడ్పడుతున్నదని 2006లో స్విట్జర్లండు పరిశోధకులు చూపించారు.

నాడులు లేని కాలేయము

ఇక మనిషి సంగతి చూద్దాము. 1963లో అమెరికాలోని డెన్వర్ నగరములో థామస్ స్టార్జల్ అనే శస్త్రవైద్యుడు మనిషికి కాలేయమును మార్పిడి చేసే ప్రయత్నము మొదటిసారి చేశాడు. రోగి బ్రతకలేదు. 1967లో ఆయన ప్రయత్నము ఫలించినది. మన దేశములో మొదటి విజయము 1998లో లభించినది. ఈ చికిత్సలో రక్తనాళాలను, పైత్యరస నాళమును శ్రద్ధతో కలిపి కుడతారు. నాడులను మాత్రము ఎవరూ కలపరు. అవి అతి సన్ననివి. అంటే మార్పిడి అయిన కాలేయము నాడీబంధము తెగిన కాలేయము. అయినా అది పైత్యరసమును స్రవిస్తుంది, ప్రోటీనులను తయారుచేస్తుంది, అవసరమైతే పెరుగుతుంది కూడా.

1992లో స్టార్జల్ బృందము పిట్స్‌బర్గ్‌లో బబూన్ అనే కోతి కాలేయమును ఒక రోగికి అమర్చినది. రోగి కొద్ది నెలలే బ్రతికినాడు. కాని ఆ కాలములోనే ఆ చిన్న కాలేయము మనిషి శరీరానికి తగినంతగా పెరిగినది. ఎంత పెరగాలో నిర్ణయించినది కోతి కాలేయము కాదు. అది చేరిన శరీరము. నాడులు తెగి ఉన్నా ఈ కొలత కుదిరినదంటే, శరీరపు అవసరమును కాలేయానికి తెలిపే ముఖ్యమైన దారి రక్తమేనని మరొకసారి తేలుతున్నది.

1980వ దశకపు చివరి నుంచి బ్రతికి ఉన్న దాత కాలేయములో కొంత భాగమును తీసి రోగికి అమర్చడము మొదలయినది. పెద్దవారికి ఇవ్వవలసి వచ్చినప్పుడు తరచుగా కుడి తమ్మెను, అంటే సుమారు అరవై వంతులను తీసుకొంటారు. ఇక్కడ ప్రకృతి మన ఎదుట ఒక పోలికను పెట్టినది. ఒకే కాలేయము రెండు ముక్కలయినది. దాతలో మిగిలిన ముక్కకు నాడులున్నవి. రోగికి చేరిన ముక్కకు నాడులు లేవు. రెండును మొదటి వారాలలో వేగంగా, తరువాత నెమ్మదిగా పెరుగుతవి. నాడులు లేనిదే కాలేయము పెరగనే పెరగదన్న మాట దీనితో వీగిపోతున్నది.

అయితే ఈ పోలికను బట్టి నాడులకు పాత్రయే లేదనడము కూడా పొరపాటే. దాత ఆరోగ్యవంతుడు; రోగి జబ్బుతో కృశించినవాడు. రోగి వాడే మందులు వేరు, అతని నిర్వాహక సిరలోని రక్తపు ఒత్తిడి వేరు. ఇన్ని తేడాలు ఉన్నప్పుడు నాడుల ఫలితమును మాత్రమే విడదీయలేము. ఎలుకల ప్రయోగాలలో తక్కినవన్నీ సమానంగా ఉంచి నాడిని మాత్రమే కోస్తారు. అందుకే ఆ ప్రయోగాలకు విలువ. అంతేగాక, మార్పిడి అయిన కాలేయానికి శోథ వ్యాధి వచ్చినప్పుడు దానిలో క్రొత్త కణాలకు మూలమైన చిన్న కణాలు, నాడులున్న కాలేయములో ఉన్నంతగా పెరగడము లేదని 2002లో బెల్జియం పరిశోధకులు గమనించారు. నాడుల లోటు మామూలు రోజులలో కనిపించకపోయినా కష్టకాలములో కనిపిస్తున్నదన్నమాట.

ఏమి తేలినది?

న్యూట్ కాలికి నాడి తప్పనిసరి. కాలేయానికి నాడి తోడు. పెరగమనే ఆజ్ఞ ప్రధానంగా రక్తము ద్వారా వస్తుంది. వేగస్ నాడి ఆ పనిని త్వరపెడుతుంది. సహానుభూత నాడుల రసాయనము అడ్డంకులను తొలగిస్తుంది. ఒక దారి మూసుకొనిపోతే మరొక దారి మిగలడము ప్రాణికి మేలు. కాలేయము వంటి అవయవమును ప్రకృతి ఒకే తీగెకు వ్రేలాడదీయలేదు.

ఆలస్యమే గదా, నష్టమేమి అని కొందరు అనుకోవచ్చును. ఇక్కడే అసలు సంగతి ఉన్నది. కాలేయములో అధికభాగము పోయిన మొదటి కొద్ది దినాలు ప్రాణాపాయ సమయము. రక్తము గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీనులు తగ్గుతవి, చక్కెర పడిపోవచ్చును, విషపదార్థాలు పేరుకొంటవి. ఒకటి రెండు దినాల ఆలస్యము బరువుల పట్టికలో చిన్న తేడాగా కనిపిస్తుంది. ప్రాణికి మాత్రము అది చావుబ్రతుకుల తేడా కావచ్చును. వేగస్ తెగిన చిట్టెలుకలలో మరణాలు హెచ్చడానికి కారణమిదే. చిట్టెలుకలో కనుగొన్నది మనిషికి యథాతథంగా వర్తిస్తుందని చెప్పడానికి వీలు లేదు. మనిషి కాలేయములో నాడీతంతువులు ఎలుకలో కంటె లోపలిదాకా పోతవి గనుక ఈ విషయమును మనిషిలో వేరుగా పరిశోధించవలసినదే.

మరొక హెచ్చరిక. కాలేయము మరల పెరుగుతుంది గనుక త్రాగుడు వల్ల భయము లేదని వాదించేవారున్నారు. ఇది తప్పు. శుభ్రముగా కోసిన ఆరోగ్యవంతమైన కాలేయము వేరు, ఏండ్ల తరబడి సారాయితోనో, కామెర్లను కలిగించే బి, సి వైరస్‌లతోనో దెబ్బ తిన్న కాలేయము వేరు. పదేపదే గాయపడిన కాలేయములో కణాల మధ్య గట్టి మచ్చకణజాలము పేరుకొంటుంది. అప్పుడు క్రొత్త కణాలు పుట్టినా రక్తము సరిగా ప్రవహించదు, కాలేయము గడ్డలు గడ్డలుగా తయారవుతుంది. దీనినే సిర్రోసిస్ అంటారు. ఆ దశలో రక్తము వేసే టముకూ, నాడి టెలిఫోనూ చాలినంతగా పనిచేయవు.

ఉపాధ్యాయులకు ఒక సూచన

అంగడి నుంచి మేక కాలేయమును తెప్పించి విద్యార్థులకు చూపవచ్చును. అడుగుభాగములో నాళాలు ప్రవేశించే ద్వారమును గుర్తించి, పలుచని పుల్లను నిర్వాహక సిరలోకి పోనిచ్చి అది ఎటు పోతున్నదో చూడమనండి. నాళాల చుట్టు ఉన్న తెల్లని తొడుగును చూపండి. నాడులు దానిలోనే ఉన్నవి గాని, కంటికి ఆనేటంత లావుగా ఉండవు. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనడము మరువకూడదు.

తరువాత పలకమీద మూడు ప్రయోగాలను వరుసగా వ్రాయండి: రక్తము కలిసి నాడులు కలియని జంట ఎలుకలు, వేగస్ తెగిన ఎలుక, మార్పిడి అయిన కాలేయము. ఒక్కొక్క దానిలో ఏ దారి మూసి ఉన్నది, ఏ దారి తెరచి ఉన్నది, ఫలితమేమి అని విద్యార్థులనే చెప్పమనండి. కేవలము మొదటి ప్రయోగము మాత్రమే తెలిసినవాడు నాడులకు పనిలేదంటాడు. రెండవది మాత్రమే తెలిసినవాడు నాడులే సమస్తమంటాడు. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికే నిజము బోధపడుతుంది. కాలేయమును గురించిన ఈ పాఠములో విద్యార్థికి చిరకాలము మిగిలేది బహుశా ఈ అలవాటే.